లినక్స్ మింట్ 22.2, ఐదు నెలల వాడకం: సిస్టమ్ బానే ఉంది, నా చేతులే మాట వినట్లేదు

ముందే చెప్పేస్తున్నా, నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాదు, హైస్కూల్లో లెక్కల మాస్టారిని. ఇంట్లో ఉన్నది 2016లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అసెంబుల్ చేయించుకుని, క్యాబినెట్ ఒళ్ళో పెట్టుకుని రైల్లో తెనాలి తెచ్చుకున్న డెస్క్‌టాప్, ఆరో జనరేషన్ ఐ5, 8 జీబీ ర్యామ్, మధ్యలో ఓ 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించా అంతే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది కదా, సరే 11కి వెళ్దామంటే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే రానిస్తాడంట, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కూడా కావాలంట. ఇంకో ఏడాది అప్‌డేట్లు ఇచ్చే స్కీమ్ ఉంది గానీ అదీ 2026 అక్టోబర్ దాకే. రోజూ శుభ్రంగా పనిచేస్తున్న మెషీన్ని పాత సామాన్ల వాడికి తూకానికి వేయడానికి మనసు రాలేదు, అందుకని విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ (లినక్స్‌లో ఒక రకం) వేశా. సినమన్ ఎడిషన్, 22.2, దాని పేరు జారా, 2025 సెప్టెంబర్‌లో వచ్చింది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, పైసా ఖర్చు లేదు.

వేయడం గురించి ఎక్కువ చెప్పను, అది తేలికే. దాదాపు 3 జీబీ ఫైల్ దించి, పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్నించే కంప్యూటర్ ఆన్ చేసి (బూట్ అంటారు), డిస్క్ ముట్టుకోకుండానే ఓ రోజంతా వాడి చూశా. నెట్, సౌండ్, మానిటర్ అన్నీ వచ్చాయి. తర్వాత విండోస్‌ని పూర్తిగా తీసేసే ధైర్యం లేక పక్కనే ఉంచి రెండోది వేశా, డ్యూయల్ బూట్ అంటారుగా అదన్నమాట. అసలు కథంతా ఆ తర్వాతే.

ఇంట్లో దీన్ని వాడేది ముగ్గురం. నాన్నకి 74 ఏళ్ళు, ఈపేపర్ చదువుతారు, యూట్యూబ్‌లో ప్రవచనాలు వింటారు, నెలకోసారి పెన్షన్ స్లిప్పు చూసుకుంటారు. మా అమ్మాయి తొమ్మిదో క్లాసు. నేను ప్రశ్నపత్రాలు టైపు చేస్తా. నాన్నకి అస్సలు ఇబ్బంది లేదు, కింద ఎడమ మూల మెనూ ఉంది, బ్రౌజర్ బొమ్మ ఉంది, ఆయన లోకం అక్కడితో పూర్తి, మార్చానని నేను చెప్పేదాకా ఆయనకి తెలీనే లేదు. అమ్మాయి రెండో రోజుకి వాల్‌పేపర్ మార్చి, ప్యానెల్ పైకి పెట్టి, ఐకాన్లన్నీ గులాబీ రంగులోకి తిప్పేసింది. చచ్చింది నేనే. ఇరవై ఏళ్ళుగా విండోస్‌లో చెయ్యి తిరిగిపోయిన వాడికే ఇది కష్టం, ఈ మాట మాత్రం ఎవరూ ముందు చెప్పరు, "మీ నాన్నగారు కూడా వాడేస్తారు" అంటారు, నిజమే వాడేస్తారు, మరి నా సంగతేంటి?

మొదటి దెబ్బ గడియారం. ఓ సోమవారం పొద్దున ఏదో పాత ఫైల్ కోసం విండోస్‌లోకి వెళ్ళా, నాన్న పక్కన కూర్చుని స్క్రీన్ మూల చూసి "ఏరా, ఇంకా బ్రహ్మ ముహూర్తంలోనే ఉన్నామా" అన్నారు. గోడ గడియారం 10:15, కంప్యూటర్ 4:45. బ్యాటరీ పోయిందేమో అని మదర్‌బోర్డు మీద ఉండే రూపాయి బిళ్ళంత సెల్ కొత్తది వేశా, మళ్ళీ అదే. తర్వాత తెలిసిందేంటంటే లినక్స్ ఏమో మదర్‌బోర్డు గడియారంలో గ్రీన్‌విచ్ టైమ్ పెట్టుకుని పైన మన ఐదున్నర గంటలు తనే కలుపుకుంటుంది, విండోస్ ఏమో అక్కడున్నదే మన టైమ్ అనుకుని ఉన్నదున్నట్టు చూపించేస్తుంది. ఎవరి లెక్క వాళ్ళకి కరెక్టే, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండటమే సమస్య. టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే విండో)లో టైమ్‌డేట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో లోకల్ టైమే పెట్టుకో అని లినక్స్‌కి చెప్తే సర్దుకుంది. ఒక్క లైను. ఆ ఒక్క లైను కోసం నాకు ఆదివారం మొత్తం పోయింది, సెల్ డబ్బులు అదనం.

ఇంకోటి డీ డ్రైవ్. మనకి సీ అంటే సిస్టమ్, డీ అంటే మన సామాను, పుట్టినప్పట్నుంచీ అంతే. ఇక్కడ సీ లేదు, డీ లేదు, అంతా ఒక్క స్లాష్ కింద చెట్టులా వేలాడుతూ ఉంటుంది. సరే అది అలవాటైపోతుంది. కానీ నా డీ డ్రైవ్ పక్కన కనిపిస్తోంది, ఫైళ్ళు తెరుచుకుంటున్నాయి, మార్చి సేవ్ చేయబోతే మాత్రం రీడ్ ఓన్లీ అంటోంది! క్వార్టర్లీ పేపర్ సగం దిద్దాక ఆ మెసేజ్ వస్తే ఎలా ఉంటుందో మాస్టార్లకి చెప్పక్కర్లేదు. కారణం విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంటుంది, షట్‌డౌన్ కొట్టినా అది పూర్తిగా చావదు, సగం నిద్రలో ఉండి డిస్కులు తన చేతిలోనే పెట్టుకుంటుంది, అందుకని లినక్స్ మర్యాదగా "నేను రాయను, చూస్తా అంతే" అంటుంది. ఆలోచిస్తే అది చేసేది మంచి పనే, రాసుంటే డేటా పోయేది. విండోస్ పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి ఆ టిక్కు తీసేస్తే అయిపోయింది. దాంతో ఇంకో చిన్న తలనొప్పి, మనం వెళ్ళి నొక్కేదాకా డీ డ్రైవ్ అసలు తగులుకోదు, కాబట్టి రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ పాటల ప్లేయర్‌లో ఘంటసాల నుంచి కీరవాణి దాకా అందరూ మాయం. డిస్క్స్ అనే ప్రోగ్రామ్‌లో ఆన్ అయినప్పుడే తగులుకోమని (మౌంట్ అంటారు) పెట్టాక తిరిగొచ్చారు.

ఇప్పుడు మౌస్ చక్రం. దీని మీద నాకు ఇంకా కోపం తగ్గలేదు. లినక్స్‌లో మీరు దేన్నైనా మౌస్‌తో సెలెక్ట్ చేస్తే చాలు, కాపీ కొట్టక్కర్లేదు, అది ఒక చోట గుర్తుంటుంది, మధ్య చక్రం నొక్కితే అక్కడ పడిపోతుంది. తెలిసినవాళ్ళకి అదో వరం అంట. నాకు స్క్రోల్ చేసేటప్పుడు చక్రాన్ని కాస్త గట్టిగా నొక్కే అలవాటు. తొమ్మిదో తరగతి పేపర్ చేస్తూ పక్క విండోలో జవాబుల ఫైల్లో ఒక లైను సెలెక్ట్ చేసి ఉంచా, తిరిగి పేపర్లోకొచ్చి కిందికి జరుపుతూ ఉంటే ఏడో ప్రశ్న పక్కన ఆ జవాబు నిశ్శబ్దంగా కూర్చుంది. నేను చూడలేదు. జిరాక్సులు తీశాక క్లాసులో ఒక పిల్లాడు లేచి "సార్, ఏడోది మీరే చేసేశారు" అన్నాడు. ఇక్కడ వర్డ్ బదులు వాడే లిబ్రెఆఫీస్‌లో టూల్స్, ఆప్షన్స్, వ్యూ అని వెళ్తే మిడిల్ బటన్ అని ఉంటుంది, నో ఫంక్షన్ పెట్టుకోండి, మీ పరువు నిలబడుతుంది. మిగతా ప్రోగ్రాముల్లో మాత్రం అది అలాగే ఉంటుంది, జాగ్రత్త.

లిబ్రెఆఫీస్ మాట వచ్చింది కాబట్టి. ఇంగ్లీషు ఫైళ్ళు, మార్కుల షీట్లు ఓకే, పెద్దగా తేడా లేదు. తెలుగుకి వచ్చేసరికి నా పాత పేపర్లన్నీ వర్డ్‌లో గౌతమి ఫాంట్‌లో చేసినవి, ఆ ఫాంటు విండోస్‌తో వచ్చేది, మింట్‌లో ఉండదు, దాని బదులు నోటోనో లోహిత్‌నో ఏదో ఒకటి వేస్తుంది, అక్షరాలు బానే కనిపిస్తాయి గానీ వాటి వెడల్పు ఎత్తు వేరు, దాంతో రెండు పేజీల పేపర్ మూడో పేజీలోకి నాలుగు లైన్లు పారుతుంది. నలభై మంది పిల్లలకి మూడో కాగితం ఎవరిస్తారండీ. సైజు తగ్గిస్తే వత్తులు కలిసిపోయి "క్షేత్రఫలం"లో క్రావడి కనపడదు. ఇప్పుడు కొత్తవన్నీ మండలి ఫాంట్‌లో చేస్తున్నా, సురవరం కూడా బావుంది, ఇవి ఫ్రీగా దొరుకుతాయి, విండోస్‌లోనూ వేసుకోవచ్చు కాబట్టి రెండు వైపులా ఒకేలా ఉంటుంది. బయటికి పంపేదేదైనా పీడీఎఫ్ చేసే పంపుతున్నా.

తెలుగు టైపింగ్ గురించి ఒక పేరా రాయాల్సిందే ఎందుకంటే మనలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. నేను ఫోన్లో, విండోస్‌లో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు ఊహించి ఇచ్చేవాటికి అలవాటు పడ్డా. మింట్‌లో ఐబస్ అనే, వేరే భాషలు టైపు చేయించే ప్రోగ్రామ్ వేసుకుని దాంట్లో ఎమ్17ఎన్ అనే ప్యాకేజీ పెట్టుకుంటే తెలుగుకి చాలా పద్ధతులు వస్తాయి, ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, పోతన కూడా ఉంది. ఒక్కో కీకి ఒక్కో తెలుగు అక్షరం ఉండే ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవాళ్ళు రాజులు, వాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు. నాలాంటి వాడు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఐట్రాన్స్‌లో పడతాడు. అది ఊహించదు, మనం ఏం కొడితే అదే రాస్తుంది. "వాళ్ళు" అని రావాలంటే దీర్ఘానికి ఏ రెండుసార్లు, ళకి ఎల్ పెద్దది రెండుసార్లు కొట్టాలి, అలవాటులో గబగబా చిన్న అక్షరాలతో కొట్టేస్తే "వల్లు" అని వస్తుంది. మొదటి పదిరోజులు నా తెలుగు చూస్తే మూడో తరగతి పిల్లాడి డిక్టేషన్‌లా ఉండేది, ణ లేదు, ళ లేదు, ట అన్నీ త అయిపోయాయి. ఒక సహోద్యోగి వాట్సాప్‌లో "మాస్టారూ, పళ్ళు కట్టించుకున్నారా" అని అడిగాడు. ఇప్పుడు మాత్రం ఒప్పుకోవాలి, అది ఊహించకపోవడమే బావుంది, ఒకసారి వేళ్ళకి పట్టాక ఎక్కడా ఆగి లిస్టులోంచి ఏరుకునే పని లేదు. ఈ రివ్యూ మొత్తం దాంతోనే కొట్టా.

అయితే ఒక చోట తెలుగు ఇప్పటికీ ఛండాలంగా ఉంటుంది, టెర్మినల్‌లో. ఫైల్ పేరు తెలుగులో పెట్టి అక్కడ చూస్తే గుణింతాలు ఒక చోట, వత్తులు ఒక చోట చెల్లాచెదురుగా పడి ఉంటాయి. ఫైళ్ళ పేర్లు ఇంగ్లీషులో పెట్టుకోండి, గొడవ ఉండదు.

పెన్ డ్రైవ్ సంగతి. కారులో వినడానికి 4 జీబీ పాటలు కాపీ పెట్టా, బార్ చకచకా చివరిదాకా వెళ్ళిపోయింది, అబ్బ ఎంత స్పీడు అనుకుని పీకేశా. విజయవాడ దారిలో మంగళగిరి దాటేదాకా పాటలు బానే వచ్చాయి, తర్వాత ప్లేయర్ ఫైలు పేరు చూపిస్తుంది, నోరు విప్పదు. జరిగేదేంటంటే అది ముందు ర్యామ్‌లోకి తీసేసుకుని అయిపోయినట్టు చూపిస్తుంది, పెన్ డ్రైవ్‌లోకి నిదానంగా తర్వాత రాసుకుంటుంది. విండోస్‌లో లాగా లాగేస్తే కుదరదు, పేరు పక్కన ఎజెక్ట్ గుర్తు నొక్కాలి, నొక్కాక కూడా ఇంకా రాస్తున్నా తీయొద్దు అంటుంది, తీసుకోవచ్చని మెసేజ్ వచ్చేదాకా ఆగాలి. పాత పెన్ డ్రైవ్ అయితే టీ పెట్టుకుని తాగి రావచ్చు.

నాన్నకి ఇబ్బంది లేదన్నా కదా, ఒక్కటి వచ్చింది. ఆయన పాస్‌వర్డ్ కొట్టలేరని ఆటోమేటిక్‌గా లాగిన్ అయ్యేలా పెట్టా. పొద్దున్నే స్కూల్లో ఉండగా ఫోన్, గొంతు తగ్గించి, "ఒరేయ్, కంప్యూటర్ ఆన్ చేసి బ్రౌజర్ తెరవగానే పాస్‌వర్డ్ అడుగుతున్నాడు, ఇదే కదా ఆ సైబర్ మోసం, ప్లగ్ పీకేశాను" అని. ఫోన్ చేస్తే ముందు వినపడే ఆ హెచ్చరికలన్నీ ఆయన శ్రద్ధగా విన్నారు పాపం. అది మోసం కాదు, కీరింగ్ అంటారు, బ్రౌజర్లో దాచిన పాస్‌వర్డ్లన్నీ ఒక తాళంలో ఉంటాయి, మామూలుగా మనం లాగిన్ పాస్‌వర్డ్ కొట్టినప్పుడే అదీ తెరుచుకుంటుంది, ఆటోమేటిక్ లాగిన్ పెడితే తాళంచెవి ఎవరూ ఇవ్వలేదు కాబట్టి విడిగా అడుగుతుంది. కీరింగ్ పాస్‌వర్డ్ ఖాళీగా పెట్టేస్తే అడగదు కానీ అప్పుడు దాచినవన్నీ తాళం లేకుండా ఉంటాయి. నేను ఆటోమేటిక్ లాగిన్ తీసేసి నాన్నకి ఆయన రిటైరైన తేదీ పాస్‌వర్డ్‌గా పెట్టా (సరే, ఇక్కడ రాశాక మార్చేశాలెండి).

ఇక ప్రింటర్. ఇదొక్కటే ఇప్పటికీ గెలవలేకపోయా. మాది ఏ జిరాక్స్ షాపులో చూసినా కనిపించే రకం బ్లాక్ అండ్ వైట్ లేజర్, పదేళ్ళ క్రితంది, రాయిలా పనిచేస్తుంది. ఈ రకం ప్రింటర్లలో బుర్ర ఉండదు, పేజీని చుక్కలుగా మార్చే పనంతా కంప్యూటరే చేసి, దాని సొంత భాషలో చెప్పాలి, ఆ భాష కంపెనీ డ్రైవర్‌కే వచ్చు. లినక్స్‌కి ఎప్పుడో ఇచ్చిన డ్రైవర్ ఒకటి ఉంది, దానికి పాత 32 బిట్ లైబ్రరీలు కావాలి, ప్రతి రీస్టార్ట్‌కీ ఓ సర్వీస్ లేపాలి. మూడు రాత్రులు కూర్చున్నా. ఒక రాత్రి ఒంటి గంటకి టెస్ట్ పేజీ వచ్చింది, మా ఆవిడ లేచి వచ్చి "ఏవండీ, ఈ వేళప్పుడు ఆ చప్పుడేంటి" అంటే ఆనందంతో కాగితం చూపించా, పొద్దున మళ్ళీ ఆన్ చేస్తే క్యూలో ఆగి కూర్చుంది. వదిలేశా. అదే మా పక్కింటి వాళ్ళ వైఫై ఇంక్‌ట్యాంక్ ప్రింటర్ ఒకసారి తెచ్చి పెడితే డ్రైవర్ మాటే ఎత్తకుండా దానంతట అదే లిస్టులో కనిపించి ప్రింట్ ఇచ్చింది, కొత్తవాటికి అందరికీ ఒకటే పద్ధతి వచ్చేసింది కాబట్టి డ్రైవర్లు అక్కర్లేదు. కాబట్టి మారాలనుకునేవాళ్ళు ముందు మీ ప్రింటర్ మోడల్ పేరు పక్కన లినక్స్ అని వెతికి చూసుకోండి, డ్రైవ్‌లు ఫార్మాట్ చేశాక కాదు. నేను ఇప్పుడు పెన్షన్ స్లిప్పు కోసం విండోస్‌లోకి వెళ్ళి ప్రింట్ కొట్టి మళ్ళీ వెనక్కి వస్తున్నా, అంటే ఒక్క కాగితానికి రెండు రీస్టార్ట్‌లు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ కూడా అంతే, అటు జత చేస్తే ఇటు మర్చిపోతుంది, ఇటు జత చేస్తే అటు, ఎందుకంటే కంప్యూటర్ ఒకటే అయినా రెండు సిస్టమ్‌ల దగ్గరా వేరే వేరే తాళాలు ఉంటాయి. నేను వైరు ఇయర్‌ఫోన్స్‌కి మారిపోయా.

కొన్ని చిన్నవి గబగబా. అమ్మాయి బొమ్మలేసుకోవడానికి క్రిటా వేద్దామంటే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో అదే రెండు రకాలుగా ఉంటుంది, సిస్టమ్ ప్యాకేజీ ఒకటి ఫ్లాట్‌ప్యాక్ ఒకటి, రెండోది కొత్త వెర్షన్ గానీ దాంతోపాటు సామాను మొత్తం మోసుకొస్తుంది, జీబీ దాటిపోయింది, తేడా ఏంటో అక్కడ మామూలు మనిషికి అర్థమయ్యేలా ఎవరూ రాయలేదు. టీవీకి హెచ్‌డీఎంఐ పెడితే బొమ్మ వస్తుంది, సౌండ్ మాత్రం మనం వెళ్ళి మార్చాలి. సమస్య వచ్చి వెతికితే దొరికే జవాబులు సగం పదేళ్ళ నాటివి, మిగతా సగం "అసలు మీకు అది ఎందుకు" అనేవి. తెలుగులో జవాబులు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. కేరళలో గవర్నమెంట్ బడి పిల్లలు లినక్స్ మీదే నేర్చుకుంటారు, అక్కడి మాస్టార్లకి ఈ బాధలు ఎలా ఉంటాయో అడగాలని ఉంటుంది నాకు.

మరి ఎందుకు ఉంచుకున్నావు అంటే, చెప్తా. ఆన్ చేశాక ఊరికే ఉన్నప్పుడు ర్యామ్ ఒక జీబీ చిల్లర దగ్గర ఉంటుంది, పదేళ్ళ మెషీన్ కొత్తదానిలా కదులుతుంది. అప్‌డేట్లు ఉన్నాయని ఓ మూల చిన్న గుర్తు వస్తుంది అంతే, పరీక్షల సీజన్లో మార్కులు ఎక్కిస్తూ ఉండగా "రీస్టార్ట్ అవుతున్నా, ఆపొద్దు" అని నీలం స్క్రీన్ పెట్టి కూర్చోదు. మెనూలో ప్రకటనలు లేవు. టైమ్‌షిఫ్ట్ అని ఒకటుంది, సిస్టమ్‌ని ఓ రోజు ఉన్నట్టు ఫోటో తీసి దాచుకుంటుంది, ప్రింటర్ కోసం నేను పెట్టిన పెంటంతా దాంతోనే ఒక్క దెబ్బకి వెనక్కి తిప్పా, మీరు వేసుకుంటే మొట్టమొదట అదే సెట్ చేసుకోండి. ఐదు నెలల్లో మింట్ దానంతటది ఒక్కసారి కూడా ఆగిపోలేదు, ఆగింది ప్రతిసారీ నేను గెలికినప్పుడే.

ఇంట్లో పని అంతా బ్రౌజర్‌లోనే అయితే ఐదుకి నాలుగున్నర ఇస్తా. నాలాగా తెలుగు డాక్యుమెంట్లు, పాత ప్రింటరు, డ్యూయల్ బూట్ అయితే మూడు. ట్యాలీ మీద బతికేవాళ్ళు మాత్రం అసలు ఇటు రావద్దు, అది విండోస్ ప్రోగ్రాము. డీటీపీ వాళ్ళూ అంతే, మా బావమరిదికి ఆ షాపే ఉంది, పెళ్ళి కార్డులన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో. ఆ ఫైళ్ళు ఇక్కడ తెరిస్తే వధూవరుల పేర్ల స్థానంలో పిచ్చి గుర్తులు వస్తాయి, అది అన్ని కంప్యూటర్లకీ ఒకేలా అర్థమయ్యే యూనికోడ్ కాదు కదా. సంక్రాంతికి వచ్చినప్పుడు ఇదంతా చూపించా, అంతా విని "అను వస్తుందా బావా" అన్నాడు, రాదన్నా, "అయితే వద్దులే" అని లేచాడు. వెళ్తూ వెళ్తూ మింట్ ఎక్కించిన ఆ పెన్ డ్రైవ్ మాత్రం అడిగి పట్టుకెళ్ళాడు, షాపులో ఒక కస్టమర్ విండోస్ ఎక్కట్లేదంట, దీంతో బూట్ చేస్తే లోపల ఫైళ్ళన్నీ కనిపించాయంట, వేరే హార్డ్ డిస్క్‌లోకి తీసిచ్చి డబ్బులు కూడా తీసుకున్నాడు. నా పెన్ డ్రైవ్ ఇంకా తిరిగి రాలేదు.